నేల మీద బోర్లా పడుకుని చేసిన యుద్ధాలు

భోజనమైంది, కాఫీ ఇంకా రాలేదు. ఇంగ్లండ్ దక్షిణ తీరాన శాండ్‌గేట్ అనే చిన్న ఊళ్లో, పసివాడి ఆటసామాను ఎక్కడపడితే అక్కడ పడివున్న గదిలో ఇద్దరు రచయితలు కూర్చున్నారు. ఒకరు హెచ్.జి. వెల్స్. రెండోవారి పేరును వెల్స్ పొడి అక్షరాల చాటున దాచాడు గాని, జె.కె.జె. అంటే జెరోమ్ కె. జెరోమ్ అని పోల్చుకోవడానికి పాఠకులకు కష్టమేమీ కాలేదు. పక్క బల్ల మీద నాలుగైదు సైనికుల బొమ్మలు, ఒక బొమ్మ ఫిరంగి ఉన్నాయి. జెరోమ్ కుర్చీ అటు జరుపుకున్నాడు. ఫిరంగిని నెమ్మదిగా పరీక్షించాడు, గుండు పెట్టాడు, గురి చూశాడు, ఒక సైనికుణ్ణి పడగొట్టాడు. అక్కడితో ఊరుకున్నాడా? గొప్పలు చెప్పుకుని, నువ్వు కొట్టు చూద్దాం అని సవాలు విసిరాడు. సవాలుకు ఎదురు సవాలు వచ్చింది. ఇవాళ ప్రపంచమంతా బల్లల మీద బొమ్మ సైన్యాలు పేర్చి ఆడుతున్న వార్‌గేమింగ్‌ వినోదానికి మొదటి తూటా అదే అంటే పెద్ద అతిశయోక్తి కాదు.

ఆ ఫిరంగి సామాన్యమైంది కాదు. బ్రిటన్స్ అనే లండన్ బొమ్మల కంపెనీ తయారు చేసిన 4.7 అంగుళాల నౌకాదళ ఫిరంగికి నమూనా అది. వెనకవైపు తెరిచి అంగుళం పొడవున్న చెక్క గుండు పెట్టాలి. లోపలి స్ప్రింగు దాన్ని తన్నుతుంది. గొట్టం పైకీ కిందికీ జరగడానికి మర ఉంది. తొమ్మిది గజాల దూరంలోని సైనికుడి బొమ్మను పదిసార్లలో తొమ్మిదిసార్లు పడగొట్టగలదని వెల్స్ మురిసిపోతూ రాశాడు. అంతకుముందు పిల్లలు గోళీతోనో రబ్బరు బంతితోనో కొట్టి పడగొట్టేవారు. అందులో యుద్ధం లేదు, ఉత్త విధ్వంసం. గురి కుదిరే ఆయుధం చేతికొచ్చాకే, కొట్టడానికి ముందు ఎక్కడ నిలబడాలి, ఎదుటివాడి కంటపడకుండా ఎలా రావాలి అన్న ఆలోచన మొదలవుతుంది.

నిజానికి బల్ల మీద యుద్ధం చేయడం అప్పటికే పాతబడిన విద్య. దాని వేళ్లు మన దగ్గరే ఉన్నాయి. రథ, గజ, తురగ, పదాతి దళాలను గళ్లలో నిలబెట్టిన చదరంగం పర్షియా, అరబ్బు దేశాల మీదుగా ఐరోపా చేరింది. అక్కడ 1780లో జర్మనీలోని బ్రౌన్‌ష్వైగ్‌లో హెల్విగ్ అనే గణితం పంతులు, 64 గళ్లు ఏ మూలకూ చాలవని 1,617 గళ్ల పట్టం గీశాడు. కొండకో రంగు, నీటికో రంగు, చిత్తడికో రంగు వేశాడు. ఏనుగులూ మంత్రులూ పోయి కాల్బలం, అశ్వదళం, ఫిరంగులు వచ్చాయి. రాజోద్యోగాలకు తయారయ్యే కుర్రాళ్లకు యుద్ధవిద్య సులువుగా ఒంటబట్టాలని ఆయన ఆశ. పంతులు తయారు చేసిన ఆట ఎలా ఉంటుందో ఊహించుకోవచ్చు. నియమాలు ఎక్కువ, సరదా తక్కువ.

ప్రష్యా రాజ్యంలో రైస్విట్స్ అనే తండ్రీకొడుకులు గళ్లను చెరిపేశారు. తండ్రి 1812లో మూడో ఫ్రీడ్రిష్ విల్‌హెల్మ్ రాజుకు ఒక బల్ల సమర్పించాడు. కొండలూ నదులూ ఊళ్లూ ఉన్న పలకలను కావలసినట్టు మార్చి పేర్చుకుంటే కొత్త ప్రదేశం తయారవుతుంది. ముక్కలు దాచుకోవడానికి సొరుగులు. రాజకుటుంబం ఆ బల్ల దగ్గర ముచ్చటగా కాలక్షేపం చేసింది. ఫిరంగిదళ అధికారి అయిన కొడుకు ఆ ముచ్చటను పక్కనపెట్టి, 1824లో దాన్ని పటాల మీదికి దించాడు. 1:8000 కొలతలో గీసిన పటం, ఎరుపు నీలం ముక్కలు, పాచికలు, తీర్పు చెప్పడానికి మధ్యవర్తి. పొగమంచులో దూరంగా ఉన్న శత్రువు నీకు కనబడడు, మధ్యవర్తి చెబితేనే కనబడతాడు. చూడ్డానికి అయిష్టంగా కూర్చున్న సేనాధిపతి మ్యుఫ్‌లింగ్, ఆట ముదిరేసరికి ఇది ఆట కాదు, యుద్ధ శిక్షణే అని ఉత్సాహపడిపోయాడట. రెజిమెంట్లన్నీ దాన్ని నేర్చుకోవాలన్న సిఫార్సు బయల్దేరింది. కొడుకు రైస్విట్స్‌కు మాత్రం ఆ వైభవం అచ్చిరాలేదు. 1827లో ఆత్మహత్య చేసుకున్నాడు. ఆట ఆయన్ని దాటి బతికింది. 1870–71లో ప్రష్యా ఫ్రాన్సును ఓడించాక, గెలుపు రహస్యం ఈ పటాల్లోనే ఉందనుకుని మిగతా సైన్యాలూ ఎగబడి నేర్చుకున్నాయి.

మ్యుఫ్‌లింగ్ మెచ్చుకోలుతోనే ఆటకు దెబ్బ తగిలిందని నాకనిపిస్తుంది. ఇది ఆట కాదు అన్న మాట ప్రశంసగా చెలామణి అయ్యాక, ఆనందానికి అక్కడ చోటెక్కడిది? ఆఫీసరు బల్ల దగ్గర కూర్చుంటే అది డ్యూటీ. సరదాకి మరో తలుపు కావాలి. అది పిల్లల గదిలోంచి తెరుచుకుంది.

ఆ తలుపు తీసినవాళ్లలో మొదట చెప్పుకోవలసింది రాబర్ట్ లూయీ స్టీవెన్సన్. ఊపిరితిత్తుల జబ్బుతో స్విట్జర్లాండ్‌లోని దావోస్‌కు వెళ్లి, 1881–82 చలికాలం అక్కడ గడిపాడు. ‘ట్రెజర్ ఐలాండ్’ పూర్తి చేస్తున్న రోజులు. తోడుగా భార్య కొడుకు లాయిడ్ ఆస్‌బోర్న్, పదమూడేళ్లవాడు. ఇంటి పైకప్పు కింద చలికి కొంకర్లుపోయే అటకగది. దాని నేలంతా రంగు సుద్దలతో దేశపటం గీశారు. కొండలు, నదులు, వంతెనలు, మంచి బాటలు, చెడ్డ బాటలు. వాటి మీద వందల కొద్దీ సీసం సైనికులు. వేళ్లు తిమ్మిరెక్కుతున్నా, మోకాళ్లు బిగుసుకుపోతున్నా గంటలకొద్దీ ఆ సవతి తండ్రీ కొడుకులు దళాలు నడిపారు. లాయిడ్‌కు ఒక చిన్న చేతి అచ్చుయంత్రం ఉండేది. మందుగుండు లెక్కకు ఆ యంత్రం తాలూకు సీసపు అచ్చుముక్కలే పనికొచ్చాయి.

స్టీవెన్సన్ అక్కడ చేసిన అసలు చిలిపిపని వేరే ఉంది. యుద్ధవార్తలు రాయడానికి రెండు పత్రికలు పుట్టించాడు, గ్లెండరూల్ టైమ్స్, యాలోబల్లీ రికార్డ్. వాటిలో సేనానుల మీద విమర్శలు, పుకార్లు, విలేకరుల దెప్పిపొడుపులు. ప్రత్యర్థి ఎవరు? తన సవతి కొడుకు జనరల్ ఆస్‌బోర్నే. ఓడిపోయిన వాణ్ణి మర్నాడు పత్రికలో ఏకిపారేయడంలో ఉన్న మజా ప్రష్యా నియమాల పుస్తకంలో ఎక్కడుంది? స్టీవెన్సన్ చనిపోయిన నాలుగేళ్లకు, 1898లో, లాయిడ్ ఈ సంగతులన్నీ స్క్రిబ్నర్స్ మ్యాగజైన్‌లో బయటపెట్టాడు. అప్పటిదాకా అది ఒక ఇంటి రహస్యం.

విన్‌స్టన్ చర్చిల్ చిన్ననాటి సైన్యం దీనికి పూర్తిగా వేరు. దాదాపు 1,500 బొమ్మలు, అన్నీ ఒకే సైజు, అందరూ బ్రిటిష్‌వాళ్లే. శత్రుసేనకు తమ్ముడు జాక్ నాయకుడు. అతనికి నల్లజాతి సైనికులు మాత్రమే, అదీ ఫిరంగులు లేకుండా. ఈ షరతు సంగతి చర్చిల్ తన ఆత్మకథలో తానే, ఏ సంకోచమూ లేకుండా రాసుకున్నాడు. ఎవరు గెలవాలో ముందే రాసిపెట్టుకున్న ఆట అది. తండ్రి ఒకరోజు వచ్చి ఇరవై నిమిషాలు ఆ సైన్యాన్ని తనిఖీ చేసి, సైన్యంలో చేరతావా అని అడిగాడట. ఆ ప్రశ్న ఎక్కడికి దారితీసిందో మనకు తెలుసు.

బొమ్మలు ఇన్ని వందలుగా దొరకడానికి కారణమూ ఉంది. మొదట్లో జర్మనీ సరుకే రాజ్యమేలింది. న్యూరెంబర్గ్ పనివాళ్లు పోతపోసిన పల్చని తగరపు సైనికులు, ఆ తర్వాత నిండు సీసం బొమ్మలు. 1893లో విలియం బ్రిటన్ బోలు పోత పద్ధతి కనిపెట్టాడు. కరిగించిన లోహాన్ని అచ్చులో పోసి, అంచుల దగ్గర గట్టిపడగానే మిగతాది బయటికి వంపేయాలి. లోపల డొల్ల, బయట నిండు సైనికుడు. లోహం ఆదా, బరువు తక్కువ, ధర కూడా తగ్గింది. మధ్యతరగతి ఇళ్లలో కూడా రెజిమెంట్లు పెరిగాయి. వెల్స్ గదిలోకి ఆ ఫిరంగి వచ్చింది ఈ బ్రిటన్ కంపెనీ నుంచే.

మళ్లీ శాండ్‌గేట్‌కు వద్దాం. ఊరికే గురిచూసి కొట్టడం కాసేపటికి విసుగొచ్చింది. సైనికులు కదిలితేనో? ఆ ఊహ రాగానే పెద్దమనుషులు నేల మీదికి దిగారు. కొండలూ లోయలూ కావాలి, చేతికందిన సామగ్రి ఎన్‌సైక్లోపీడియా సంపుటాలు. వాటినే తివాచీ మీద పరిచి దేశం నిర్మించారు. ఇంతలో ఇంటికి చుట్టపుచూపుగా ఆడవాళ్లు వచ్చారని, నేల మీది సామాను వైపు చులకనగా చూశారని వెల్స్ ఫిర్యాదు. ఊహాశక్తి ఆడవాళ్లకు తక్కువన్నట్టు ఒక దెప్పు కూడా వేశాడు. ముప్పయి దాటిన పెద్దమనిషి తివాచీ మీద పాకుతుంటే ఇంకెలా చూస్తారు పాపం! దక్షిణాఫ్రికా యుద్ధం నుంచి అప్పుడే తిరిగొచ్చిన ఒక కెప్టెన్ కూడా వాళ్లతో కలిశాడు. నిజం యుద్ధం చూసినవాడి సలహాతో ఆట పదునెక్కింది.

1913లో ‘లిటిల్ వార్స్’ పుస్తకం వచ్చింది. నియమాలు ఎంత తేలికో చూడండి. కాల్బలం వంతుకు ఒక అడుగు, అశ్వదళం రెండు అడుగులు. ఫిరంగి పేలాలంటే దాని దగ్గర, ఆరంగుళాల లోపు, కనీసం నలుగురు ఉండాలి. పాచికలు లేవు. తగిలితే పడ్డాడు, పడితే చచ్చాడు. దగ్గరకొచ్చి కలబడితే ఒకరికి ఒకరు చొప్పున లెక్క తీసేస్తారు. బలం ఎక్కువున్నవాడికి బందీలు దక్కుతారు. ఒక్కో వంతుకు గడియారం కట్టడి ఉంది. ముప్పయి మందికి ఒక నిమిషం, ఫిరంగికి ఒక నిమిషం. ఈ గడియారమే నన్నడిగితే వెల్స్ చేసిన గొప్ప పని. తీరిగ్గా ఆలోచిస్తే ఎవడైనా నెపోలియనే. నూటపదిమందినీ మూడు ఫిరంగులనూ ఏడు నిమిషాల్లో కదపాలంటే, అశ్వదళాన్ని చెట్టు చాటున మర్చిపోయి, ఫిరంగి దగ్గర ముగ్గుర్నే ఉంచి, తర్వాత తల పట్టుకుంటాం. ఆ తొట్రుపాటులోనే ఆట ఉంది. పుస్తకంలో హుక్స్ ఫార్మ్ పోరాటాన్ని నీలి సైన్యం జనరల్ హెచ్.జి.డబ్ల్యు. స్వయంగా, ఎక్కడా నవ్వకుండా, ఫొటోలతో సహా వర్ణిస్తాడు.

ఇదంతా రాసింది యుద్ధాన్ని తిట్టిపోసే మనిషి. మూడు నాలుగుసార్లు ఈ చిన్న యుద్ధం ఆడి చూస్తే పెద్ద యుద్ధం ఎంత గందరగోళపు వ్యవహారమో తెలిసొస్తుందని పుస్తకం చివర చెప్పాడు. మరుసటి ఏడాదే పెద్ద యుద్ధం వచ్చింది. ఆ తర్వాత చాలా ఏళ్లు సైనికుల బొమ్మలతో పెద్దవాళ్లు ఆడుకోవడం ఎబ్బెట్టుగానే కనిపించి ఉంటుంది. అయినా వెల్స్ పుస్తకాన్ని వదలనివాళ్లు ఉన్నారు. డ్రాక్యులా సినిమాల నటుడు పీటర్ కుషింగ్ ఇంట్లో ఆ నియమాలతోనే యుద్ధాలు నడిచేవి.

రెండో ప్రపంచయుద్ధం తర్వాత ఆటగాళ్లు ఒకరినొకరు వెతుక్కున్నారు. కాలిఫోర్నియాలో జాక్ స్క్రూబీ బొమ్మలు పోతపోస్తూ 1957లో ‘వార్ గేమ్ డైజెస్ట్’ పత్రిక మొదలుపెట్టాడు. ఇంగ్లండ్‌లో డోనల్డ్ ఫెదర్‌స్టోన్ 1962లో ‘వార్ గేమ్స్’ రాశాడు. యుద్ధంలో ట్యాంకు దళంలో పనిచేసి, వృత్తిరీత్యా ఫిజియోథెరపిస్ట్ అయినవాడు. ఒంటరిగా ఆడుకుంటూ, ఈ పిచ్చి మనకొక్కడికే ఉందేమో అనుకున్నవాళ్లకు ఆ పుస్తకం పెద్ద ఊరట. అప్పటికే 1959 నుంచి ఎయిర్‌ఫిక్స్ చిన్న ప్లాస్టిక్ సైనికులు పెట్టెల్లో అమ్ముడవుతున్నారు. స్కూలు పిల్లాడి పాకెట్ మనీతో ఒక దళం వచ్చేస్తుంది. ఫిరంగి గుండ్లు పోయి పాచికలూ కొలత టేపులూ వచ్చాయి. బొమ్మలకు రంగులద్దడం తనంతట తానే ఒక వ్యసనమైంది. ఇప్పటికీ ఈ ఆటలో ఆడే గంటలకన్నా కుంచె పట్టుకునే గంటలు ఎక్కువున్నవాళ్లు బోలెడుమంది.

ఇక్కడ కథ అమెరికాకు మళ్లి, విడిపోయిన రెండు దారులూ కలుస్తాయి. మిన్నియాపోలిస్, సెయింట్ పాల్ ప్రాంతపు ఆటగాడు డేవిడ్ వెసెలీ చేతికి టాటెన్ అనే అమెరికన్ సైనికాధికారి 1880లో రాసిన ‘స్ట్రాటెగోస్’ పడింది. ప్రష్యా మధ్యవర్తి సంప్రదాయంలో పుట్టిన పుస్తకం అది. ఆటగాడు ఏం చేస్తానన్నా మధ్యవర్తి తీర్పు చెప్పవచ్చన్న సూత్రం అతనికి నచ్చింది. 1969లో నెపోలియన్ కాలపు ఊహా పట్టణం బ్రౌన్‌స్టైన్‌ను తయారుచేసి, స్నేహితుల్ని పిలిచాడు. సేనానుల పాత్రలు ఇద్దరికి ఇచ్చి, మిగతావాళ్లను ఊరి పెద్దగా, బ్యాంకరుగా, విశ్వవిద్యాలయాధిపతిగా పెట్టాడు. వాళ్లు ఒక్కొక్కరే వచ్చి తనకు ఆజ్ఞలు చెబుతారనుకున్నాడు. వాళ్లేమో గదిలో తమలో తాము మంతనాలు, బేరాలు, కుట్రలు మొదలుపెట్టారు. సైన్యాలు పట్టణం చేరనే లేదు, యుద్ధం జరగనే లేదు. ఆట చెడిందని వెసెలీ బాధపడుతుంటే, మళ్లీ ఎప్పుడు ఆడదామని వాళ్లు వెంటపడ్డారు.

వాళ్లలో ఒకడు డేవ్ ఆర్నెసన్. మరోవైపు, విస్కాన్సిన్‌లోని లేక్ జెనీవాలో నేలమాళిగ ఇసుక బల్ల మీద మధ్యయుగపు బొమ్మలతో ఆడే గ్యారీ గైగాక్స్, 1971లో ‘చైన్‌మెయిల్’ నియమాలు అచ్చువేసి వాటి చివర డ్రాగన్లనూ మాంత్రికులనూ చేర్చాడు. ఆర్నెసన్, గైగాక్స్ ఇద్దరూ కలిసి 1974లో తెచ్చిన ‘డంజియన్స్ అండ్ డ్రాగన్స్’ మొదటి ముద్రణ వెయ్యి ప్రతులు. దాని అట్ట మీద రాసుకున్నది మాత్రం కాగితం, పెన్సిలు, బొమ్మ సైనికులతో ఆడే ఊహా యుద్ధాల నియమాలని.