సాయంత్రం నాలుగు దాటాక

2003 సెప్టెంబరు 3న న్యూయార్క్ అటార్నీ జనరల్ ఎలియట్ స్పిట్జర్ ఒక హెడ్జ్ ఫండ్ మీద ఫిర్యాదునూ, దానితో కుదిరిన రాజీనీ ఒకే రోజు బయటపెట్టారు. ఆ ఫండ్ కెనరీ క్యాపిటల్, దాన్ని నడిపింది ఎడ్వర్డ్ స్టెర్న్. తప్పు ఒప్పుకోకుండానే 4 కోట్ల డాలర్లు కట్టి ఆయన బయటపడ్డారు. ఫిర్యాదు చదివినవాళ్ల కళ్లు మాత్రం ఆయనకు తలుపులు తీసిన పెద్ద మ్యూచువల్ ఫండ్ సంస్థల మీదికే పోయాయి: జానస్, స్ట్రాంగ్, బ్యాంక్ వన్, బ్యాంక్ ఆఫ్ అమెరికా.

ఈక్విటీ ఫండ్‌లో డబ్బు వేసే మనవాళ్లకు మధ్యాహ్నం 3 గంటల కటాఫ్ సంగతి తెలుసు. అమెరికాలో అది సాయంత్రం 4. ఆ వేళకు ఎన్‌ఏవీ, అంటే ఫండ్ యూనిట్ ధర, లెక్కగడతారు. తర్వాత వచ్చిన ఆర్డర్లన్నిటికీ మర్నాటి ధరే. ఇది 1968 నాటి నిబంధన. బ్యాంక్ ఆఫ్ అమెరికా ఏకంగా కెనరీ ఆఫీసులోనే ట్రేడింగ్ టెర్మినల్ పెట్టించింది. సాయంత్రం 6:30 దాకా పాత ధరకే కొనుక్కోవచ్చు. ఏ కంపెనీయో 5 గంటలకు మంచి ఫలితాలు ప్రకటిస్తే, ఆ వార్త విన్నాక తీరిగ్గా కొనడమే. గుర్రాలు గీత దాటాక పందెం కాయడం లాంటిదని స్పిట్జర్ ఆనాడే అన్నారు.

రెండో పద్ధతి ఇంత మొరటుది కాదు. అప్పట్లో టోక్యో మార్కెట్ మూసేసరికి న్యూయార్క్‌లో అర్ధరాత్రి దాటి దాదాపు 2 గంటలయ్యేది. జపాన్ షేర్లున్న ఫండ్ ఎన్‌ఏవీని సాయంత్రం 4కు కట్టినా, లోపల ఉన్నవి దాదాపు 14 గంటల కిందటి ధరలు. ఈలోగా అమెరికా మార్కెట్ ఎగిసిందా, రేపు టోక్యో కూడా లేస్తుందని ఊహించి ఇవాళ కొని రేపే అమ్మేయొచ్చు. దీని పేరు మార్కెట్ టైమింగ్. ఆ లాభం ఎక్కణ్నుంచో ఊడిపడదు. కదలకుండా కూర్చున్న మిగతా మదుపరుల వాటాలోంచే పోతుంది. అందుకే ఫండ్ సంస్థలవాళ్లు ప్రాస్పెక్టస్‌లలో ఇలాంటివి ఒప్పుకోమని రాసుకున్నారు. లోపాయికారీగా మాత్రం ఒప్పుకున్నారు. ప్రతిఫలంగా కెనరీ తన డబ్బు కొంత వాళ్ల ఇతర ఫండ్లలో కదపకుండా ఉంచేది. దాని మీద మేనేజ్‌మెంట్ ఫీజు వస్తుంది కదా!

ఇదంతా బయటికొచ్చింది నొరీన్ హారింగ్టన్ వల్ల. స్టెర్న్ సంస్థలో పనిచేసిన ఆమె స్పిట్జర్ కార్యాలయానికి ఫోన్ చేశారు. తోబుట్టువు తన రిటైర్మెంట్ ఖాతా చూపించి సలహా అడిగేసరికి, పోతున్నది ఎవరి సొమ్మో అప్పుడు కళ్లకు కట్టిందని తర్వాత చెప్పారు.

నియంత్రణ సంస్థల వసూళ్లు చకచకా సాగాయి. సొంత ఫండ్లలోనే తానూ టైమింగ్ చేసిన రిచర్డ్ స్ట్రాంగ్ 2004లో 6 కోట్ల డాలర్లు కట్టి, జీవితాంతం ఆ రంగానికి దూరమయ్యారు. మదుపరుల క్లాస్ యాక్షన్ దావాలకు అంత సులువు కాలేదు. వందలకొద్దీ కేసులు బాల్టిమోర్ ఫెడరల్ కోర్టులో ఒక్కచోట చేరాయి. అక్కడ ఎదురైన చిక్కు విడ్డూరమైనది. సెక్యూరిటీల మోసం కింద దావా వేయాలంటే మోసపోయి కొని ఉండాలి, లేదా అమ్మి ఉండాలి. ఏళ్ల తరబడి నమ్మి అట్టేపెట్టుకున్నవాళ్లకే నష్టం, వాళ్లకే దారి లేదు.

జానస్ మాతృసంస్థ వాటాదార్ల దావా సుప్రీంకోర్టు దాకా వెళ్లింది. ప్రాస్పెక్టస్‌లో అబద్ధం చెప్పిందెవరన్నది ప్రశ్న. ఫండ్ కాగితం మీద వేరే ట్రస్టు. దాని అధికారులందరూ మేనేజ్‌మెంట్ కంపెనీ ఉద్యోగులే. అయినా 2011 జూన్‌లో 5–4 తేడాతో కోర్టు మేనేజ్‌మెంట్ కంపెనీని వదిలేసింది. ప్రకటన మీద తుది అధికారం ట్రస్టుదే కాబట్టి చెప్పింది ట్రస్టే. రాసిచ్చినవాడు ఉపన్యాస రచయిత లాంటివాడు, అన్నారు జస్టిస్ క్లారెన్స్ థామస్. ట్రస్టు అంటే మదుపరుల డబ్బే కదా! ఈ లెక్కన మోసపోయిన ఫండ్ మదుపరి తన జేబుమీద తానే దావా వేసుకోవాలన్నమాట. ఆ తర్కం నాకు ఇప్పటికీ కొరుకుడు పడదు.

అప్పుడు అసమ్మతి రాసిన జస్టిస్ స్టీఫెన్ బ్రేయరే 2019లో లొరెంజో కేసులో మెజారిటీ తీర్పు రాశారు. మాట తనది కాకపోయినా, అబద్ధమని తెలిసి మోసపుచ్చడానికే దాన్ని పంచినవాడు బాధ్యుడేనని తేల్చారు. ఈసారి అసమ్మతి రాసింది థామస్.