రుజువు చేసిన ప్రోగ్రాములోనూ బగ్గు!

సాఫ్టువేరు ఇంటర్వ్యూకి వెళ్ళినవాళ్ళలో చాలామందికి బైనరీ సెర్చ్ ఎదురయ్యే ఉంటుంది. వరసగా పేర్చిన పట్టికలో సరిగ్గా మధ్యకి వెళ్ళి చూడాలి. కావలసింది అంతకన్నా చిన్నదైతే ఎడమ సగంలో, పెద్దదైతే కుడి సగంలో వెతకాలి. నిఘంటువులో మాట వెతుక్కున్నట్టే. ఓస్, ఇంతేనా అనిపిస్తుంది కదా? ఈ చిన్న ప్రోగ్రాములోనే, అదీ సాక్షాత్తూ జావా లైబ్రరీలో, ఒక బగ్గు సుమారు తొమ్మిదేళ్ళు కాపురం చేసింది.

కథ కార్నెగీ మెలన్ విశ్వవిద్యాలయంలో మొదలవుతుంది. జాన్ బెంట్లీ తన క్లాసులో అందరిచేతా బైనరీ సెర్చ్ రాయించి, చాలామంది తప్పు రాశారని చూపించేవాడు. జాషువా బ్లాక్ అప్పుడక్కడ విద్యార్థి. బెంట్లీ 1986లో అచ్చయిన 'ప్రోగ్రామింగ్ పెర్ల్స్' పుస్తకంలో ఈ ప్రోగ్రాము సరైనదేనని మెట్టు మెట్టుగా రుజువు కూడా చేశాడు. ఆ బ్లాకే తర్వాత జావా లైబ్రరీకి బైనరీ సెర్చ్ రాశాడు. 2006 జూన్‌లో, "అయ్యా, మా గురువుగారి దాంట్లోనూ నా దాంట్లోనూ ఒకటే తప్పుంది" అన్న అర్థం వచ్చేట్టు తనే లోకానికి చాటాడు.

తప్పెక్కడ? మధ్య స్థానం కోసం కింది హద్దునీ పై హద్దునీ కూడి రెండుతో భాగిస్తాం. లెక్కల పుస్తకంలో ఇది నూటికి నూరుపాళ్ళూ సరి. కానీ జావాలో ఇంట్ అనేది 2,147,483,647 దగ్గర ఆగిపోతుంది. పట్టికలో 107 కోట్ల పైచిలుకు అంశాలుంటే ఆ కూడిక హద్దు దాటి రుణసంఖ్య అయిపోవచ్చు. మైనస్ నంబరు గదిలో ఏముంటుంది? ప్రోగ్రాము ఢామ్మంటుంది. పై హద్దులోంచి కింది హద్దు తీసేసి, అందులో సగం కింది హద్దుకి కలిపితే సరిపోతుంది.

మరి రుజువు అబద్ధమా? కాదండీ. రుజువు లెక్కల్లోని అంకెల గురించి. మెషీన్లో ఉన్నవి వేరే అంకెలు. ఇదేమీ కొత్తగా తెలిసిన సంగతి కూడా కాదు. ప్రోగ్రాములని తర్కంతో రుజువు చెయ్యొచ్చని 1969లో టోనీ హోర్ రాసిన వ్యాసంలోనే, హద్దు దాటినప్పుడు ఏం చెయ్యాలో మూడు దారులు చెప్పాడు. ప్రోగ్రాము అక్కడే ఆగిపోవడం, పెద్ద అంకె దగ్గరే నిలబడటం, గడియారం ముల్లులా మళ్ళీ తిరిగి రావడం. జావాది మూడో దారి.

ఇహ పనిముట్ల సంగతికొద్దాం. డెక్ కంపెనీకి పాలో ఆల్టోలో ఉన్న పరిశోధనశాల మొదట మాడ్యులా-3 భాషకి ఇలాంటి తనిఖీ సాధనం చేసింది. డెక్‌ని 1998లో కాంపాక్ కొనేసింది. ఆ దారిలోనే ఈఎస్‌సీ జావా వచ్చింది, 2002లో దాని మీద పేరున్న పరిశోధనా పత్రం వెలువడింది. ప్రోగ్రాములో వ్యాఖ్యల రూపంలో మన షరతులు రాస్తే, వెనకాల సింప్లిఫై అనే ప్రోగ్రాము వాటిని తర్కంతో పరీక్షించేది. అయితే ఒక తిరకాసుంది. అనవసరపు హెచ్చరికలు ఎక్కువైపోతాయని, అంకెలు హద్దు దాటడాన్ని వాళ్ళు కావాలనే పట్టించుకోలేదు. అంటే, ఈ బగ్గుని అది పట్టేది కాదన్నమాట!

దాని తర్వాతి రూపం ఈఎస్‌సీ జావా 2. 2004లో జావా 5 జెనరిక్స్‌తో వచ్చేసరికి ఇది వెనకబడిపోయింది. భాష ముందుకి పరిగెత్తింది, సాధనం పాత చోటే ఉండిపోయింది. ఆ తర్వాత డేవిడ్ కాక్ ఓపెన్ జేడీకే కంపైలరు మీదే ఓపెన్ జేఎంఎల్ కట్టాడు.

మొన్న దాన్ని దింపుకుని, నేను రాసిన బైనరీ సెర్చ్ మీదే నడిపాను. ముందు షరతులు రాయాలి: పట్టిక నల్ కాకూడదు, వరసలో ఉండాలి, లూపు తిరిగిన ప్రతిసారీ హద్దులు పట్టిక లోపలే ఉండాలి. అదొక పూట పని. ఈఎస్‌సీ ఆప్షన్ ఇచ్చి నడిపితే తిన్నగా ఆ కూడిక లైను మీదే వేలు పెట్టింది. నిజం చెప్పొద్దూ, సిగ్గేసింది. ఇంటర్వ్యూల్లో ఇదే లైను రాసిన ఎంతమందికి నేను పూర్తి మార్కులు వేశానో!

జర్మనీలో కార్ల్స్‌రూహెలో 1998లో మొదలైన కీ అనే సాధనంలో ఈ విషయం సెట్టింగుల్లోనే కనిపిస్తుంది. హద్దుని పట్టించుకోవద్దా, దాటకుండా చూడాలా, జావా చేసినట్టే చెయ్యాలా? మూడిట్లో ఒకటి ఎంచుకోవాలి. ఆ ఒక్క ఎంపికతో రుజువుకి అర్థమే మారిపోతుంది.

ఈ కీ తోనే 2015లో జావా సార్టింగులో వాడే టిమ్‌సార్ట్‌ని రుజువు చెయ్యబోతే, రుజువు కుదరలేదు. ఎప్పుడూ నిలబడాలని వ్యాఖ్యలో రాసిన షరతుని కోడు అన్నిసార్లూ నిలబెట్టట్లేదు. పరిశోధకులు సరైన సవరణ ఇచ్చారు, అది సరైనదని రుజువూ ఇచ్చారు. పైథాన్ వాళ్ళు తీసుకున్నారు. జావా వాళ్ళు లోపలి పట్టిక సైజు 40 నుంచి 49కి పెంచి ఊరుకున్నారు. అదీ చాలదని 2018లో ఫ్రాన్సు పరిశోధకులు చూపించారు.

నేననేదేమిటంటే, ఇలాంటి సాధనం ఎర్రర్ లేదంటే మురిసిపోవడం కాదు, ఏం ఒప్పుకుని లేదందో చూసుకోవాలి. మన బుర్రలో "ఇది ఎలాగూ జరగదులే" అని మూలన పడేసిన మాటని బయటకి తీసి కాగితం మీద పెట్టించడమే దాని అసలు ఉపయోగం. ఒక పూట పోతే పోయింది, మీరూ మీ పాత కోడు మీద ఒకసారి నడిపి చూడండి.