ఓరుగంటి పూటకూటి యిల్లు

ఓరుగంటి కోటను జూడబోవువారు నడిమి నాలుగు తోరణములను జూతురు, ఖుష్‌మహలు జూతురు, ఓపిక యున్నవా రేకశిల గుట్ట నెక్కుదురు. పిమ్మట నాకలి గొని స్టేషను చెంతకో హనుమకొండకో మరలుదురు. బసలును హోటళ్లును మిక్కుటముగా నచ్చటనే గలవు. ఒకప్పు డీ నగరములోనే యొక్క రూక చేతబట్టుకొని వచ్చిన పరస్థలమువానికి రాజభోజనమువంటి భోజనము దొరకెడిదని క్రీడాభిరామము చెప్పుచున్నది. ఆ సాక్ష్య మెంతవరకు నమ్మదగినదో, ఏ కాలమునకు జెల్లునదో యించుక విచారింతును.

సికింద్రాబాదునుండి యోరుగంటికి సుమారు 140 కిలోమీటర్లు. ఈ రైలుదారి 1886లో నేర్పడినది. 1889లో బెజవాడదాక సాగినది. స్టేషనులో దిగి కోటదెసకు బోవు వానికి మొదట నెదురగునది మంటికోట. తెలియనివాడు దానిని జెరువుకట్ట యనుకొని దాటిపోవును. ఇది సుమారు 2.4 కిలోమీటర్ల వ్యాసముగల వలయము. దాని లోపల 1.2 కిలోమీటర్ల వ్యాసముతో రాతికోట, 45 బురుజులు, చుట్టును అగడ్త. గణపతిదేవుడు (1199–1262) మొదలిడగా రుద్రమదేవి (1262–1289) పూర్తిచేసినదని ప్రసిద్ధి. రాతిగోడలో సున్నము లేదు. రాతిపై రాయి తన బరువుననే నిలిచియున్నది. వాకిళ్లలో దారి తిన్నగా బోదు. ఒక మలుపు దిరిగి మరల నింకొక వాకిట జొరవలయును. శత్రువును నిలువరించుటకై కట్టిన యీ మలుపులోనే, నెమ్మదికాలమున, బండ్లును గుర్రములును బాటసారులును క్రిక్కిరిసి యుందురుగదా యని నాకు దోచినది. మంటికోట యంత గట్టిది కాదనుకొనుట పొరపాటు. 1310లో మాలిక్ కాఫూరు దండు దీనిని ముట్టడించినప్పుడు ఉక్కు బల్లెము సైతము దీనిలో దిగలేదని అమీర్ ఖుస్రో వ్రాసెను. పగవాని పొగడ్త గాన దానికి విలువ హెచ్చు.

ఓరుగల్లు, ఏకశిల యను పేళ్ల రెంటను గూర్చి యొక మాట. ఒంటిరాయి యను తెలుగునకే సంస్కృత మేకశిల యైనది. ఇల్లు ఇంటి, విల్లు వింటి, ముల్లు ముంటి యైనట్లే యోరుగ ల్లోరుగంటి యైనది. కాబట్టి యీ పేరి చివర నున్నది రాయని యర్థమిచ్చు కల్లే గాని వేరు గాదు. ఈ వ్యాకరణ ప్రసంగము ముందు బనికివచ్చును.

ఇక గ్రంథము. క్రీడాభిరామమును మానవల్లి రామకృష్ణకవిగారు 1909లో మొదట వెలువరించిరి. కర్త వినుకొండ వల్లభరాయడని గ్రంథము చెప్పుచుండగా, వేటూరి ప్రభాకరశాస్త్రిగారు శైలినిబట్టి శ్రీనాథుని చేయి యిందు గలదని వాదించిరి. ఆ వివాదమున నే జొరను. రావిపాటి త్రిపురాంతకుని ప్రేమాభిరామ మను సంస్కృతరూపకమున కిది తెలుగుసేత. ఆ మూలము మనకు దక్కలేదు. గోవింద మంచనశర్మయు, టిట్టిభసెట్టియు నను మిత్రు లిద్దరు ప్రతాపరుద్రుని కాలపు టోరుగంటిలో నొకదినము దిరుగుదురు. గుడులు, అంగళ్లు, కోడిపందెములు, పొట్టేళ్ల పోరు, పలనాటి వీరుల కథాగానము, రాజుగారి వేశ్య మాచల్దేవి యింటి చిత్రశాల — కనబడినదెల్ల జెప్పుకొందురు. ఇది దశరూపకములలో వీథి. వీథి యను రూపకమునకు వీథియే రంగమైన దింకొకటి తెలుగున నేనెరుగను. ఇందు శృంగారము మితి మీరినదని బడులలో దీని బేరెత్తుటకు మనము జంకుదుము. ఆ జంకు కారణముగా, నాటి నగరజీవనమునకు మనకున్న మిక్కిలి గొప్ప సాక్ష్యమొకటి విద్యార్థికి దెలియకుండ పోవుచున్నది. సురవరము ప్రతాపరెడ్డిగారు జంకలేదు. 1949లో వెలువడిన ఆంధ్రుల సాంఘిక చరిత్రలో దీనిని విరివిగా వాడుకొనిరి.

మిత్రులు భోజనము చేయ నెంచిన దొక పూటకూటి యింట. ఇల్లు లక్ష్మణవజ్ఝలది, వెల యొక రూక. కప్పురభోగి యను సన్నబియ్యపు టన్నము, గోధుమపిండివంట, గుప్పెడు చక్కెర, అప్పుడు కాచిన యావునేయి, పెసరపప్పు, అరటిపండ్లు, నాలుగైదు నంజుళ్లు, గడ్డపెరుగు. ఇందు మిరపకాయ కనబడదు, కనబడరాదు కూడ. అది యమెరికాఖండమునుండి పోర్చుగీసువారి మూలమున 16వ శతాబ్దిలో వచ్చినది. ఇట్టి చోట్ల నొక యనవసరపు పదార్థము జొరకుండుట గ్రంథము ప్రాచీనమనుటకు జిన్న సాక్ష్యము. వజ్ఝల యనునది ఉపాధ్యాయ శబ్దమునుండి ప్రాకృతము మీదుగా వచ్చినదే. మన యొజ్జయు నదియే. చదువు చెప్పు పేరుగలవా డన్నము పెట్టి రూక పుచ్చుకొనుచుండెనన్నమాట! బడిపంతులు లీ మాటకు గోపింపరని నమ్మెదను.

పూటకూళ్లు అను మాటను కొందరు పూటకు గూలి యని విడదీసి చెప్పుదురు. విన సొంపుగా నుండును. కాని శాస్త్రము సమ్మతింపదు. కావ్యమున నున్నరూపము పూటకూటి యని. కూలి శబ్దమునకు గూటి యను రూపము పుట్టదు. నాడు నాటి, గూడు గూటి, వీడు వీటి యైనట్లు కూడు కూటి యగును; బహువచనమున కూళ్లు, కూళ్ల. కావున నిది యొకపూట కూడు పెట్టు నిల్లే. రెండర్థములకు భేద మల్పమని యెవరైన ననవచ్చును. అల్పము కాదు. కూలి యన్నచో నిల్లు వెలవలన బేరువడినదగును, కూడన్నచో నన్నమువలన. వెల గొనుచున్నను బేరుమాత్ర మన్నముదిగానే నిలిచినది.

ఇచ్చట నొక ధర్మసందేహము. మనుస్మృతి పదియవ యధ్యాయము, ఆపద యందు వైశ్యవృత్తి నవలంబించు బ్రాహ్మణు డమ్మరాని వస్తువులలో వండిన యన్నమును జేర్చినది. మరి లక్ష్మణవజ్ఝల మాట యేమి? కవి యాయనను నిందింపలేదు, వెక్కిరింపలేదు. వంట బాగుండునని మాత్రము చెప్పించెను. ఇదే రాజ్యమున 1261 నాటి మల్కాపురశాసనము విశ్వేశ్వర శివాచార్యుని గోళకీమఠమును, ప్రసూతిశాలను, ఆరోగ్యశాలను, సత్రమును వర్ణించుచు, బ్రాహ్మణుడు మొదలు చండాలునిదాక వచ్చినవారి కెల్ల నన్న మడ్డులేక పెట్టవలయునని శాసించినది. అక్కడ దాత పుణ్యము. ఇక్కడ బాటసారి రూక. సత్రములు నిండుగా నున్న దేశమున మరల రూకకు భోజన మేల పుట్టినది? నా యూహ యిది: సత్రమున దినువాడు పెట్టినది తినవలయును, పెట్టినప్పుడు తినవలయును. వ్యాపారముమీద వచ్చినవానికిని, టిట్టిభసెట్టివంటి కలవానికిని దానము పట్టుట చిన్నతనము. నాలుగు దిక్కుల వాకిళ్లనుండి యెల్లభాషలవారు వచ్చు నగరమున ఋణపడక తినుటకొక చోటు వలసివచ్చినది. సత్రము పల్లెకును క్షేత్రమునకును జాలును. పూటకూటి యిల్లు నగరలక్షణము.

ఇక ముఖ్యమైన చిక్కు. ఈ భోజన మే నాటిది? 1323లో ఉలుఘ్ ఖాను కోటను బట్టెను, ప్రతాపరుద్రుడు చెరపడెను, ఊరికి సుల్తాన్‌పుర మని పేరిడిరి. మన తెలుగుకావ్య మటుపిమ్మట సుమారు నూరేండ్లకు బుట్టినది. కవి యీ నగరవైభవమును గన్నుల జూడలేదు. చిరకాలము నేనును దరగతిలో "ఇది ప్రతాపరుద్రుని నాటి భోజనము" అని నిస్సందేహముగా జెప్పుచు వచ్చితిని. కడపటిసారి మంటికోటపై గూర్చుండి పుస్తకము విప్పి చూచినప్పుడు ఆ ధైర్యము సడలినది. త్రిపురాంతకుని మూలము సంస్కృతము. కప్పురభోగి, నంజుళ్లు, పూటకూడు — ఇవి సంస్కృతమునుండి దింపుకొన్న మాటలు కావు. తెలుగుకవి తన యెదుటి విస్తరి జూచి వ్రాసినవి. రాజు పేరు, నగరము పేరు, దేవాలయములు మూలమునుండి వచ్చి యుండును; విస్తరిమాత్రము 15వ శతాబ్ది యారంభపు దెలుగు పట్టణములది కావచ్చును. ఎముకలు కాకతీయులవి, కండ తరువాతి తరమువారిది.

దీనికి బ్రతివాద మొకటి గలదు. లక్ష్మణవజ్ఝల యని పేరు పెట్టి, వెల నిర్ణయించి చెప్పుట కల్పన గాదు, మూలమున నుండబట్టియే కవి యుంచెననవచ్చును. రసమున కక్కరలేని పేరు సత్యమునకు గుర్తనుట బలమైన యుక్తియే. కాని పేరుమాత్రము మూలమునుండి తెచ్చుకొని, వంటలు తన యూరివి వడ్డించుట కవులకు గొత్త గాదు.

నా చదువు సంస్కృతవ్యాకరణము. విద్యానాథుని ప్రతాపరుద్రీయమును విద్యార్థులకు నేండ్లతరబడి పాఠము చెప్పితిని. అందు నీ రాజే నాయకుడు. అలంకారమున కలంకారము చొప్పున కీర్తి వెన్నెలగా కాయుచునే యుండును. ఆ రాజు నగరమున నొకపూట కూటి వెల యెంతయో యందు దొరకదు. ఇది గ్రంథదోషము గాదు. లక్షణగ్రంథమున కది పని గాదు. నేనే యా సంగతి నాలస్యముగా గ్రహించితిని.

పూటకూటి మాట యోరుగంటితో బోలేదు. గురజాడ అప్పారావుగారి కన్యాశుల్కమున (1897) విజయనగరపు పూటకూళ్లమ్మ నందరు నెరుగుదురు. లక్ష్మణవజ్ఝల యింటికిని నామె యింటికిని నడుమ సుమారైదువందల యేండ్లు. ఈ నడుమ వెల గొని పెట్టు నన్నము పురుషుని చేతినుండి దిక్కులేని స్త్రీ చేతికి వచ్చినది. ఈ మార్పెప్పుడు, ఎట్లు జరిగెనో శ్రీనాథాదుల చాటువులను, స్థానికచరిత్రలను, కైఫీయతులను వెదకి చూడదగును. హోటలను మాట వచ్చినపిదప నీ మాట క్రమముగా వాడుకనుండి జారినది. సికింద్రాబాదు స్టేషను చుట్టు నిప్పుడు భోజనము పెట్టు నిండ్లకు గొదువ లేదు. పూటకూటి యిల్లని పలక గట్టినది మాత్ర మొక్కటియు నా కంట బడలేదు.

తరగతిలో జెప్పు మాటను నే నిప్పుడు దిద్దుకొంటిని. "ఓరుగంటి కోట 13వ శతాబ్దిది; దానిలో దిరిగిన మంచనశర్మ 14వ శతాబ్ది యారంభమువాడు; వాని విస్తరి మాత్రము 15వ శతాబ్దిది కావచ్చును" అని చెప్పి, పిల్లలచే కూడు శబ్దమునకు విభక్తిరూపములు వ్రాయించుచున్నాను.