సంబంధాల కట్టు, జన్యువుల లెక్క

మా పుల్లలచెరువులో గానీ, ఎర్రగొండపాలెం, మార్కాపురం బజార్లలో గానీ ఆర్యవైశ్యుల ఇళ్లలో పెళ్లిమాట మొదలైతే ముందు తేలాల్సింది గోత్రం. 102 గోత్రాలు. సొంతది పనికిరాదు, ఆ 102 దాటి పోయేదీ లేదు. అందులోనూ మేనరికం ఉంటే దానిదే మొదటి హక్కు. ఎందుకని అడిగితే పెద్దలు పెనుగొండ వాసవమ్మ కథ చెబుతారు. రాజు విష్ణువర్ధనుడు పిల్లనడిగితే ఇవ్వబోమన్న 102 గోత్రాలవాళ్లు అమ్మవారితోపాటు అగ్నిగుండంలో దూకారట.

ఈ కట్టు ఆ కథకంటే చాలా పాతదని నా నమ్మకం. 2009 సెప్టెంబరులో 'నేచర్' పత్రికలో వచ్చిన పరిశోధన చదివాక కలిగిన నమ్మకమది. హైదరాబాద్‌లోని జీవశాస్త్ర పరిశోధన సంస్థ సీసీఎంబీ నుంచి లాల్‌జీ సింగ్, తంగరాజ్, అమెరికా నుంచి డేవిడ్ రైక్, నిక్ ప్యాటర్సన్ కలిసి చేసిన పని. 25 సమూహాలకు చెందిన 132 మంది డీఎన్ఏలో 5.6 లక్షల చోట్లను పోల్చిచూశారు. మన వైశ్యులూ, చెంచులూ ఆ 25లో ఉన్నారు. ప్యాటర్సన్ అంటే నాకు ప్రత్యేకమైన అభిమానం. జీవశాస్త్రం చదివినవాడు కాదు, గణితం మనిషి. బ్రిటన్ నిఘా సంస్థలో రహస్య లిపులు విప్పాడు, ఆపైన షేర్ మార్కెట్ లెక్కలు కట్టాడు. 1969లో ఐర్లండ్ చదరంగం ఛాంపియన్. అంతటి బుర్ర చివరికి మన ఊళ్ల పెళ్లిళ్ల చరిత్ర మీదికి మళ్లింది.

ఒకే పూర్వీకుడి నుంచి వచ్చిన ఇద్దరి డీఎన్ఏలో కొన్ని ముక్కలు పొడవునా ఒకేలా ఉంటాయి. తరం మారేకొద్దీ అవి తెగి పొట్టివవుతాయి. ఆ పొడవులు కొలిస్తే తరాల లెక్క తెలుస్తుంది. వైశ్యుల్లో అది వంద తరాలకు పైనే తేలింది. అంటే రెండు మూడువేల ఏళ్లుగా బయటివాళ్లతో దాదాపు కలవలేదన్నమాట.

నేను మత్తు డాక్టర్ని. గొంతులో గొట్టం వేసేముందు సక్సినైల్‌కోలిన్ ఇస్తాం. కండరాలు వదులవుతాయి, ఊపిరి ఆగుతుంది, కొద్ది నిమిషాల్లో తిరిగొస్తుంది. రక్తంలోని ఒక ఎంజైము ఆ మందును విరగ్గొడుతుంది కాబట్టి. అది లోపించిన మనిషికి గంటలు పడుతుంది, అంతసేపూ ఊపిరి మేమే ఆడించాలి. వంశంలో దిగివచ్చే ఈ లోపం, తరతరాలుగా తమలో తామే సంబంధాలు కలుపుకున్న వైశ్యుల్లో మిగతావాళ్లకంటే బాగా ఎక్కువ. అందుకే ఆపరేషనుకు ముందు "మీరు వైశ్యులా అమ్మా?" అని అడుగుతాను. కులం అడిగాడేమిటని నొచ్చుకునేవాళ్లకు కూర్చోబెట్టి విషయం చెబుతాను.

ఇది ఒక్క వైశ్యుల సంగతే కాదు. 2017లో ఇదే బృందం దక్షిణాసియాలో 260కి పైగా సమూహాలను పరిశీలిస్తే, 81 సమూహాల్లో ఈ కట్టు డీఎన్ఏలో వేసిన ముద్ర, అలాంటి ముద్రకు పేరుపడ్డ ఫిన్లండ్ వాళ్లలో కంటే బలంగా కనిపించింది.

లోపం బయటపడిన ఇంటికి మందు పేరు తెలుగులో రాసి చీటీ ఇస్తాను. అన్నదమ్ములకూ, మేనమామ ఇంటికీ ఒక్కో నకలు పంపమంటాను.