ఓరుగంటి త్రోవలో దాల్చినపట్ట

ఓరుగంటి (వరంగల్లు) ప్రాంతపు నెక్కొండ కిరాణా దుకాణములలో దాల్చినచెక్క యను పేర నేడమ్ముడగు దళసరి పట్టలో నధికభాగము సింహళపు దాల్చిన కాదు. దక్షిణ చీనాదేశమునను వియత్నామునను పెరుగు కాసియా వృక్షపు బెరడు. సింహళపు పట్ట కాగితమువలె పలుచనై పొరలుపొరలుగా చుట్టుకొనగా, కాసియా మొరటుగా నొకే పొరయై వంగును. ఘాటెక్కువ, వెల తక్కువ. కాలేయమునకు హాని చేయగల కూమరిన్ దీనియందు మెండగుటచే నిత్యము మితిమీరి వాడరాదు. 2011 నాటి మన ఆహారభద్రతా నిబంధనలు రెంటిని వేర్వేరు సరకులుగానే నిర్వచించినవి. అంగడిలో మాత్రము రెంటికి నొక్కటే పేరు.

ఈ పట్టల జన్మస్థానమును వర్తకులు తరతరములు గోప్యముగా నుంచిరి. కాసియా లోతులేని సరస్సున మొలచుననియు, గబ్బిలములబోలు జీవులు దానిని కాచుననియు, అరబ్బులు ఒడలెల్ల తోళ్లు కప్పుకొని పోయి కోయుదురనియు క్రీస్తుపూర్వము 5వ శతాబ్దిలో గ్రీకు చరిత్రకారుడు హెరోడోటస్ వ్రాసెను. వెల పెంచుటకై కల్పించిన కథలివి యని రోమను రచయిత ప్లినీ క్రీస్తుశకము 1వ శతాబ్దిలోనే తేల్చిచెప్పెను.

వర్తకమున భయమును గోప్యమును రాజ్యమేలిన లోకమున, మన యోరుగంటి ప్రభువు కాకతీయ గణపతిదేవుడు శకవర్షము 1166న, అనగా 1244-45లో, మోటుపల్లి రేవున వేయించిన యభయశాసనము మిక్కిలి యపూర్వమైనది. తుపానులో చిక్కి యొడ్డునకు కొట్టుకొనివచ్చిన యోడల సరకును పూర్వరాజులు బలాత్కారముగా హరించెడివారనియు, తాను దయతో నది మాని, ఎగుమతి దిగుమతులపై ముప్పదింట నొకపాలు మాత్రమే సుంకము గొందుననియు నందు ప్రకటించెను. చందనము, కర్పూరము, ముత్యములు, పట్టునూలు, మిరియములు మున్నగువాని సుంకములు ఱాతిపై వివరముగా చెక్కబడినవి. ఆ కర్పూరము వచ్చిన తూర్పుసముద్రపు త్రోవయే కాసియాకును త్రోవ. ఓరుగంటి కోటతోరణముల శిల్పము నెంత కొనియాడినను తక్కువయే. అయినను, ఆపన్నుడైన పరదేశి వర్తకునకు రాజిచ్చిన మాటను మోయుచున్న మోటుపల్లి ఱాతికంబమే నా మనస్సున వానికంటె నున్నతముగా నిలుచును.

తరువాతి కాలమున మచిలీపట్టణము ప్రధానమైన రేవయ్యెను. డచ్చివారు 17వ శతాబ్ది యారంభమున నచట వర్తకశాల నెలకొల్పి, ద్వీపాంతరముల సుగంధద్రవ్యముల నిచ్చి మన నేతవస్త్రములు గొనిపోయిరి. 1658 నాటికి పోర్చుగీసువారిని సింహళమునుండి వెడలగొట్టి, మేలైన దాల్చిన వర్తకమును తమ గుప్పిట పెట్టుకొనిరి.

రేవునుండి మెట్టనాటికి సరకు చేరుట మాత్రము ఎద్దుల వీపులపైననే. లంబాడీలు పెరికెడ్లను బారులు తీర్చి తీరపు టుప్పును లోనాడులకు తెచ్చుచు, ధాన్యమును మోసికొనిపోవుచుండిరి. నిజాము రైలుమార్గము 1886లో వరంగల్లునకును, నెక్కొండ మీదుగా 1889లో బెజవాడకును సాగగా పెరికెడ్ల బేరము క్షీణించెను. బిడారులు విడిచిన లంబాడీలనేకులు సేద్యమునకు దిగి తండాలు కట్టుకొనిరి.