మా దగ్గర బాగానే పనిచేస్తోందే! ఆడాసిటీ బగ్ రిపోర్టుల కథ

పాడ్‌కాస్ట్ చేసేవాళ్ళకి ఆడాసిటీ అనే ఫ్రీ సాఫ్ట్‌వేర్ తెలిసే ఉంటుంది. కంప్యూటర్‌లో గొంతు రికార్డ్ చేసి, కట్ చేసుకోవడానికి వాడతారు. ఇవాళ దాని ఫీచర్ల గురించి కాదు. డెవలపర్ ఒక ఊళ్ళో, పాడైన రికార్డింగ్ ఇంకో దేశంలో. మరి తప్పు ఎలా దొరుకుతుంది? ఆ చరిత్ర చూద్దాం.

1999లో అమెరికాలోని కార్నెగీ మెలన్ యూనివర్సిటీలో డొమినిక్ మజోనీ అనే విద్యార్థి, రోజర్ డానెన్‌బర్గ్ అనే ప్రొఫెసర్ దీన్ని మొదలుపెట్టారు. 2000 మే నెలలో ఓపెన్ సోర్స్‌గా బయటికొచ్చింది. అంటే కోడ్ ఎవరైనా చూడొచ్చు, మార్చొచ్చు. ఆ తర్వాత ఏళ్ళ తరబడి దీన్ని నడిపింది ఎక్కువగా వాలంటీర్లే. జీతం లేదు, ఖాళీ టైమే పెట్టుబడి.

చిక్కు ఎక్కడంటే, ఇది విండోస్, మ్యాక్, లినక్స్ మూడింట్లోనూ నడవాలి. సౌండ్ విషయంలో ఒక్కోదానిది ఒక్కో భాష. మ్యాక్‌లో కోర్ ఆడియో, లినక్స్‌లో ఆల్సా. ఒక్క విండోస్‌లోనే ఎంఎంఈ, డైరెక్ట్‌సౌండ్, వసాపీ అని మూడు దారులు! వీటన్నిటికీ మధ్యలో దుభాషిలా పోర్ట్‌ఆడియో అనే ఇంకో ఓపెన్ సోర్స్ కోడ్ ఉంటుంది.

ఇప్పుడు ఎవరో "సౌండ్ రావట్లేదు" అని ఒక్క ముక్క రాసి పంపారనుకోండి. తప్పు ఆడాసిటీదా, దుభాషిదా, విండోస్‌దా, డ్రైవర్‌దా? లేక మైక్ వైరే ఊడిందా? డెవలపర్ తన మెషీన్‌లో చూస్తే అంతా బాగానే ఉంటుంది. "మా దగ్గర పనిచేస్తోందే" అని వదిలేస్తే కథ అక్కడితో అయిపోతుంది. అందుకే వాళ్ళు ముందు ప్రశ్నలు అడుగుతారు. ఏ సిస్టమ్, ఏ వెర్షన్, ఏ మైక్, ఏం నొక్కాక ఇలా అయింది?

2019లో మ్యాక్‌కి కాటలీనా అనే కొత్త వెర్షన్ వచ్చింది. అప్పటి ఆడాసిటీలో రికార్డ్ చేస్తే కొందరికి ఉత్త నిశ్శబ్దమే వచ్చింది. ఆడాసిటీ కోడ్‌లో ఎవరూ వేలు పెట్టలేదు. మారింది ఆపిల్ పెట్టిన మైక్ పర్మిషన్ రూల్స్. మీ ఫోన్‌లో "మైక్ వాడనివ్వాలా?" అని అడుగుతుంది చూడండి, అలాంటిదే. సరిచేసేదాకా, టెర్మినల్‌లోంచి యాప్ తెరవండి అని యూజర్లకి ఉపాయం చెప్పారు.

ఇంకోటి. పాత ఆడాసిటీలో ప్రాజెక్ట్ సేవ్ చేస్తే ఒక చిన్న ఫైల్, పక్కనే ఒక ఫోల్డర్ వచ్చేవి. అసలు సౌండ్ ఆ ఫోల్డర్‌లోనే ఉండేది. జనం ఫైల్ ఒక్కటే పెన్‌డ్రైవ్‌లో వేసుకుని వెళ్ళేవారు. తీరా తెరిస్తే పాట లేదు! కోడ్ ప్రకారం అది బగ్ కాదు. కానీ పాట పోగొట్టుకున్నవాడికి ఆ తేడాతో ఏం పని? 2021 మార్చిలో వచ్చిన 3.0.0 వెర్షన్‌లో అంతా ఒకే ఫైల్‌లోకి తెచ్చారు.

అదే ఏడాది ఆడాసిటీ మ్యూజ్ గ్రూప్ అనే కంపెనీ చేతికి వెళ్ళింది. ఎవరు ఏ సిస్టమ్ వాడుతున్నారో, ఎక్కడ ఆగిపోతోందో తెలియాలని, గూగుల్, యాండెక్స్ సర్వీసులతో సమాచారం సేకరిస్తామని మే నెలలో ప్రతిపాదించారు. యూజర్ ఒప్పుకుంటేనే అన్నా జనం భగ్గుమన్నారు. ఆ నెలలోనే వెనక్కి తీసుకున్నారు. చివరికి మిగిలినవాటిలో ఒకటి, యాప్ క్రాష్ అయితే రిపోర్ట్ పంపాలా వద్దా అని యూజర్‌నే అడగడం.

రెండు వైపులా న్యాయం ఉంది. సమాచారం లేకపోతే బగ్ దొరకదు. అడక్కుండా తీసుకుంటే నమ్మకం పోతుంది. ఈ రెండింటికీ మధ్య దారి ఒక మనిషి కూర్చుని, ఇష్టపడి రాసే నాలుగు లైన్లు. ఈసారి ఏదైనా ఫ్రీ యాప్ మొరాయిస్తే "వేస్ట్ యాప్" అని ఒక స్టార్ ఇచ్చే ముందు ఫోన్ మోడల్, వెర్షన్, మీరు ఏం నొక్కారో రాయండి. అవతల ఎవరో రాత్రి పని ముగించుకుని దాని కోసమే చూస్తూ ఉండొచ్చు.