మెట్టసీమలో ఆకుమేత: మందలు, అడవి చట్టాలు, కడుపులోని సూక్ష్మజీవులు

నంది కొండల ప్రాంతంలో పుట్టి ఉత్తరంగా పారే పెన్న, చిత్రావతి, పాపఘ్ని జీవనదులు కావు. అందువల్ల సోమేనహళ్ళి, బాగేపల్లి, చింతామణి ప్రాంతాల్లోని తెలుగు పల్లెలు తరతరాలుగా వానను, చెరువును నమ్ముకొని రాగి, వేరుసెనగ, ఉలవ పండిస్తూ, పంట తప్పిన ఏట గొర్రెలను, మేకలను ఆధారం చేసుకొని బ్రతికాయి. సంక్రాంతి దాటాక బీళ్ళలో గడ్డి ఎండిపోతుంది గాని, వేరు లోతుకు దిగిన చెట్టు ఎండల్లోనే చిగురిస్తుంది. ఆ నెలల్లో కాపరి దోటితో తుమ్మ, రావి, మర్రి, మేడి, రేగు మండలు కోసి మందకు వేయడమే ఆకుమేత.

ఈ ఆచారం విలువ కరువుల్లో తెలిసింది. 1876–78 నాటి మహాక్షామం తరువాత, ఈ పల్లెలు భాగంగా ఉన్న మైసూరు సంస్థాన జనాభా, 1871 లెక్కల్లో సుమారు 50 లక్షలున్నది, 1881 నాటికి 42 లక్షలకు పడిపోయింది. మనుషులకే గింజ దొరకని ఆ కాలంలో పశువుకు మిగిలిన పచ్చదనం చెట్టు మీదనే ఉండేది. అయితే కరువు ముగిసిన కొద్ది కాలానికే, సరిహద్దుకు ఆవలి అనంతపురం, కడప జిల్లాలకు వర్తించేలా 1882లో మద్రాసు అటవీ చట్టం వచ్చి, అడవిలో మేపడం హక్కుగా కాక, రుసుము చెల్లించి పొందే అనుమతిగా మారింది. అటవీ అధికారుల దృష్టిలో మేక అడవికి శత్రువు. మేపుడు పన్నైన పుల్లరిపై పల్నాడు ప్రజలు చేసిన పోరాటంలో 1922 ఫిబ్రవరిలో కన్నెగంటి హనుమంతు ప్రాణమర్పించడం చూస్తే, మేత తెలుగు రైతుకు ఎంతటి జీవన్మరణ సమస్యో అర్థమవుతుంది.

ఆకు పశువు కడుపులో చేసే పని మాత్రం చాలాకాలం ఎవరికీ తెలియలేదు. నెమరు వేసే పశువు కడుపులోని నాలుగు అరల్లో మొదటిదైన పెద్దపొట్టలో సూక్ష్మజీవులున్నాయని 1843లో ఫ్రాన్సులో గ్రూబీ, డెలాఫాన్ గమనించగా, గాలి తగిలితే చచ్చిపోయే ఆ జీవులను పెంచే పద్ధతిని అమెరికా శాస్త్రవేత్త రాబర్ట్ హంగేట్ ఇరవయ్యో శతాబ్ది మధ్యకాలంలో రూపొందించాడు. పీచును జీర్ణం చేసేది పశువు కాదని, ఆ పొట్టలోని బ్యాక్టీరియా, ప్రోటోజోవా, శిలీంధ్రాలేనని అప్పటినుంచి స్పష్టమవుతూ వచ్చింది. మేతలో మాంసకృత్తులు సుమారు 7 శాతానికి తగ్గితే ఈ జీవుల పని మందగిస్తుంది. ఎండుగడ్డిలో అవి 3–4 శాతమే ఉంటాయి గనుక, అంతకు ఎన్నో రెట్లు మాంసకృత్తులున్న పచ్చి ఆకు గుప్పెడు చేరినా, ఆ గడ్డి కూడా మెరుగ్గా అరుగుతుంది.

అయితే ఆకులో పోషకంతో పాటు చెట్టుకు రక్షణ కూడా ఉంది. తుమ్మ ఆకుకు, కాయకు వగరునిచ్చే టానిన్లు మాంసకృత్తులను పట్టుకొని సూక్ష్మజీవులకు అందకుండా చేస్తాయి. మోతాదు తక్కువైతే అది మేలే. పెద్దపొట్టలో విరగని మాంసకృత్తి ముందుకు సాగి, ఆమ్లం ఉన్న నాలుగో అరలో విడివడి పశువుకే దక్కుతుంది. మోతాదు మించితే మేత తినడమే తగ్గుతుంది. ఆస్ట్రేలియాలో తుమ్మ జాతికి చెందిన అకేసియా ఆకు తిని బ్రతికే అడవి మేకల పెద్దపొట్ట నుంచి టానిన్లను తట్టుకునే ఒక స్ట్రెప్టోకాకస్ బ్యాక్టీరియాను వేరుచేసినట్లు 1994లో శాస్త్రవేత్తలు వెల్లడించారు. రకరకాల ఆకులను కొంచెం కొంచెంగా కొరుకుతూ తిరిగే మేక స్వభావానికి, కొత్త ఆకును క్రమంగా అలవాటు చేయాలన్న జాగ్రత్తకు ఇందులో కారణం కనిపిస్తుంది.

ఆకులోని విషాన్ని తట్టుకునే శక్తి కడుపులోని సూక్ష్మజీవులదేనన్న దానికి తిరుగులేని నిదర్శనం సుబాబుల్. మెక్సికో ప్రాంతానికి చెందిన ఈ చెట్టును మన దేశంలో 1970ల నుంచి మణిభాయ్ దేశాయ్ స్థాపించిన బాయిఫ్ సంస్థ విస్తృతంగా ప్రచారం చేసింది. దాని ఆకులోని మైమోసిన్ అనే పదార్థం పెద్దపొట్టలో మారి థైరాయిడ్‌ను దెబ్బతీసే విషమవుతుంది. ఆస్ట్రేలియాలో పశువులు జబ్బుపడుతుండగా హవాయి మేకలు అదే ఆకును నిక్షేపంగా తినడం చూసి, రేమండ్ జోన్స్ 1980ల ఆరంభంలో ఆ మేకల పొట్టలోని ద్రవాన్ని ఆస్ట్రేలియా పశువులకు అందించగా, వాటికీ ఆ శక్తి సంక్రమించింది. ఆ విషాన్ని విరిచే బ్యాక్టీరియాకు 1992లో ఆయన పేరు మీదుగానే సినర్జిస్టిస్ జోన్సియై అని నామకరణం జరిగింది.

ఇప్పుడు ఇదే జ్ఞానం ఈ మెట్టసీమ పొరుగునే కొత్త ప్రయోజనానికి వచ్చింది. పశువు త్రేన్పులో పోయే మీథేన్ వాయువును కూడా పెద్దపొట్టలోని ఆర్కియా అనే సూక్ష్మజీవులే తయారుచేస్తాయి. 1995లో ఏర్పడిన బెంగళూరులోని జాతీయ పశుపోషణ, శరీరధర్మశాస్త్ర సంస్థ, టానిన్లున్న చింతగింజల పొట్టుతో టామరిన్ ప్లస్ అనే దాణా మిశ్రమాన్ని, తరువాత మీథేన్‌ను 17–20 శాతం తగ్గించే హరిత్ ధారను రూపొందించింది. చింతతోపులకు పేరుపడ్డ ఈ సీమకు ఆ వగరు కొత్తది కాదు.

ఈ చరిత్ర చెప్పేది ఒక్కటే: ఆకు విలువ ఆకులో మాత్రమే లేదు, దాన్ని అరిగించే జీవులను కడుపులో నిలుపుకొన్న మందలో కూడా ఉంది. ఆ జీవులు తల్లి నుంచి పిల్లకు, ఒకే చోట మేసే పశువుల మధ్య ఒకదాని నుంచి మరొకదానికి చేరతాయి గనుక, మంద చెదిరి, గట్టు మీది చెట్టు పోయి, కాపరి పని నేర్చేవారు తగ్గిన కొద్దీ కంటికి కనిపించని ఆ వారసత్వమూ సన్నగిల్లుతుంది. మేత పథకాలు వేసేవారు గడ్డి విత్తనంతో పాటు పొలం గట్టున తుమ్మకూ రావికీ చోటివ్వడం, కాపరి అనుభవాన్ని పరిశోధనలో భాగం చేయడం ఈ మెట్టసీమకు అత్యవసరం.